నివేదికపై అభ్యంతరం వేరు, రాసినవారిపై ఫిర్యాదు వేరు

ఈ నెల న్యాయ సందేహాల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పిల్లల కస్టడీ వివాదాల్లో కుటుంబంతో మాట్లాడే కోర్టు కౌన్సిలర్లు, సంక్షేమ కార్యకర్తలు కోర్టుకు ఇచ్చే నివేదికలు తమకు అన్యాయం చేశాయన్నదే ఆ ఉత్తరాల సారాంశం. కాబట్టి ఈసారి మిగిలిన ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే సమాధానాలు ఇస్తున్నాను. కుటుంబ వివాదాలు గోప్యంగా ఉండవలసినవి కనుక రాసినవారి పేర్లు, ఊర్లు తొలగించాము.

*

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. నా భర్త మా ఏడేళ్ల పాప కస్టడీ కోరుతూ ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ (ఓ.పి.) వేశారు. కోర్టు కౌన్సిలర్‌ను నివేదిక ఇమ్మని కోరింది. ఆ మేడం మా అత్తవారింటికి వెళ్లి రెండు గంటలు కూర్చున్నారు. నేనూ మా అమ్మా పాపతో ఉంటున్న అద్దె ఇంటి గడప మాత్రం తొక్కలేదు. పాపతో కోర్టు ఆవరణలోని గదిలో పది నిమిషాలు మాట్లాడారు. తల్లికి నైట్ డ్యూటీలు ఉండటం వల్ల పాపను చూసుకునేవారు లేరనీ, తల్లి తనను వదిలేసిందని పాప స్వయంగా చెప్పిందనీ ఇంగ్లీషులో నివేదిక రాశారు. మహిళా కమిషన్‌కు, కలెక్టరు గారికి ఫిర్యాదు పంపాలనుకుంటున్నాను. ఎలా రాయాలో చెప్పగలరు. (ఒక తల్లి, కోస్తా ఆంధ్ర)

జవాబు: అమ్మా, ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పే ముందు, అది ఇప్పుడు మీకు ఎంతవరకు పనికివస్తుందో చెప్పడం నా బాధ్యత. కోర్టు రికార్డులోకి చేరిన నివేదికను మహిళా కమిషన్ గానీ కలెక్టరు గానీ తీసివేయలేరు, తిరిగి రాయించలేరు. మీ ఫిర్యాదుపై విచారణ జరిగి ఆ కౌన్సిలర్‌కు మెమో ఇచ్చినా, అంతలోగా అదే నివేదికను ఆధారం చేసుకుని పాప కస్టడీపై ఉత్తర్వు వచ్చేయవచ్చు. మీ దగ్గరున్న సమయాన్నీ శక్తినీ ముందు కోర్టులోనే ఖర్చు పెట్టండి.

నివేదిక అంటే తీర్పు కాదు. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 6వ సెక్షను కౌన్సిలర్ల నియామకానికి వీలు కల్పిస్తుంది. 12వ సెక్షను ప్రకారం కోర్టు వైద్య నిపుణుల సహాయాన్ని గానీ, కుటుంబ సంక్షేమ రంగంలో పనిచేసేవారి సహాయాన్ని గానీ తీసుకోవచ్చు. 14వ సెక్షను మరికొంత ముందుకు వెళ్లి, సాధారణ సాక్ష్య చట్టం ప్రకారం అంగీకరించడానికి వీలులేని నివేదికనైనా, వివాద పరిష్కారానికి ఉపయోగపడుతుందని భావిస్తే కోర్టు స్వీకరించవచ్చని చెబుతుంది. అందువల్ల ‘ఇది విన్న మాటల ఆధారంగా రాసింది కాబట్టి చెల్లదు’ అన్న వాదన ఇక్కడ నిలబడదు. అయితే స్వీకరించడం ఒకటి, నమ్మడం మరొకటి. స్వీకరించిన కాగితానికి ఎంత విలువ ఇవ్వాలో నిర్ణయించేది న్యాయమూర్తి. ఆ విలువను తగ్గించగలిగే సామగ్రి ఆయన ముందు పెట్టవలసింది మీరు.

నివేదిక నకలును ముందు పెట్టుకుని మూడు రంగుల పెన్సిళ్లతో చదవండి. కౌన్సిలర్ స్వయంగా చూసి రాసినవి ఒక రంగు, ఇతరులు చెప్పగా రాసినవి ఒక రంగు, తన అభిప్రాయంగా రాసినవి మరో రంగు. చాలా నివేదికల్లో ఈ మూడూ కలగలిసి ఉంటాయి. మీ నివేదికలో ‘చూసుకునేవారు లేరు’ అన్న వాక్యం చూసి రాసిన విషయంలా కనిపిస్తోంది గానీ, మీ ఇంటికి రాకుండా ఆ సంగతి చూసి తెలుసుకునే అవకాశమే లేదు. కనుక అది మీ అత్తవారు చెప్పిన మాట అయి ఉండాలి, లేదా ఊహ అయి ఉండాలి. మీ అభ్యంతరాల్లో మొదటి పేరా ఇదే కావాలి. ఆ పేరాకు మీ ఆసుపత్రి ఇచ్చిన డ్యూటీ రోస్టరు, మీ అమ్మగారు మీతోనే ఉంటున్నారని చూపే కాగితం, పాప బడి హాజరు పట్టిక, ఫీజు రసీదులు, టీకాల కార్డు జతచేయండి. నెలలో ఎన్ని రాత్రులు డ్యూటీ పడుతుందో, ఆ రాత్రుల్లో పాపకు అన్నం పెట్టి పడుకోబెట్టేది ఎవరో, ఉదయం బడి బస్సు ఎక్కించేది ఎవరో మీ అమ్మగారి చేత అఫిడవిట్ రూపంలో చెప్పించండి.

ఇక పాప చెప్పిందన్న మాట సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. పాప తెలుగులో ఏమన్నదో నివేదికలో ఉందా? మన ఇళ్లలో పిల్లలు ‘అమ్మ నన్ను అమ్మమ్మ దగ్గర వదిలేసి డ్యూటీకి పోతుంది’ అంటారు. ఆ ‘వదిలేసి’ అన్న మాటలో ఉన్నది సాయంత్రం దిగబెట్టి తెల్లవారి రావడమే. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘అబాండన్’ అన్న మాట వాడితే, తల్లి బిడ్డను కాదనుకుని వెళ్లిపోయిందన్న అర్థం వస్తుంది. కోర్టు కాగితాల్లో అది చాలా బరువైన మాట. ‘నాన్న కొడతాడు’ అన్న మాటకూ ఇదే గతి పడుతుంది. అల్లరి చేస్తే కొడతానని బెదిరించడమా, నిజంగా చెయ్యి చేసుకోవడమా అన్నది అడిగితేనే తెలుస్తుంది. పాప అన్న తెలుగు మాటలను యథాతథంగా రికార్డు మీదకు తెప్పించమనీ, అవసరమైతే న్యాయమూర్తి స్వయంగా తన ఛాంబర్‌లో పాపతో మాట్లాడమనీ కోరండి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 17వ సెక్షను, తెలిసి ఇష్టాయిష్టాలు చెప్పగల వయసు బిడ్డకు ఉంటే ఆ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని చెబుతోంది. ఏడేళ్ల పిల్ల మాటే అంతిమం కాదు, కానీ ఆ మాట మధ్యవర్తి ఇంగ్లీషు గుండా కాకుండా నేరుగా వినడం వేరు.

కౌన్సిలర్‌ను బోనెక్కించి ప్రశ్నించవచ్చా అని మీ వకీలు గారిని చాలామంది అడిగినట్లే మీరూ అడుగుతారు. అనేక రాష్ట్రాల ఫ్యామిలీ కోర్టు నిబంధనల్లో కౌన్సిలర్‌ను సాక్షిగా పిలవకూడదన్న నియమం ఉంది. నివేదిక ఇచ్చినది 12వ సెక్షను కింద నియమితులైన మానసిక నిపుణులో వైద్యులో అయితే, వారిని క్రాస్ ఎగ్జామిన్ చేయడానికి అనుమతి కోరడం సమంజసం. కౌన్సిలర్ విషయంలో మాత్రం దానికి బదులుగా, రెండు ఇళ్లనూ చూసి, ఇద్దరు తల్లిదండ్రుల సమక్షంలోనూ బిడ్డను విడివిడిగా గమనించి అదనపు నివేదిక ఇచ్చేలా ఆదేశించమని మధ్యంతర దరఖాస్తు (ఐ.ఏ.) వేయడం మేలు. ‘ఒక ఇంటినే చూశారు’ అన్న ఒక్క అంశమే ఆ పిటిషన్‌కు చాలినంత బలం.

అభ్యంతరాలు రాసేటప్పుడు కౌన్సిలర్ డబ్బు తీసుకున్నారనీ, అత్తవారికి అమ్ముడుపోయారనీ రుజువు లేకుండా రాయకండి. పద్నాలుగు పేజీల అభ్యంతరాల్లో పదకొండు పేజీలు నివేదిక రాసినవారిని తిట్టడానికే సరిపోయిన పిటిషన్లు నేను చూశాను. వాటిలోని మూడు పేజీల మంచి విషయం కూడా ఆ తిట్ల కింద పడి కనిపించకుండా పోయింది. నిజంగా లంచం అడిగిన రుజువు ఉంటే అది ఏసీబీకి చెప్పవలసిన విషయం. బెదిరింపు, మర్యాద లేని ప్రవర్తన, మీ సంగతులు బయటివారికి చెప్పడం వంటివి జరిగి ఉంటే ఆ కోర్టు న్యాయమూర్తికే పరిపాలనాపరమైన ఫిర్యాదుగా విడిగా ఇవ్వండి, కేసు కట్టలో కలపకండి.

నివేదికను ఆధారం చేసుకుని ఇప్పటికే మధ్యంతర ఉత్తర్వు వచ్చి ఉంటే ఒక చిక్కుంది. ఫ్యామిలీ కోర్టు తీర్పుపై 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చని కుటుంబ న్యాయస్థానాల చట్టంలోని 19వ సెక్షను చెబుతూనే, మధ్యంతర ఉత్తర్వులను అందులోంచి మినహాయించింది. అప్పుడు రాజ్యాంగం 227వ అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించడమో, పరిస్థితులు మారాయని చూపి అదే కోర్టులో సవరణ కోరడమో మార్గం. కస్టడీ ఉత్తర్వులు శాశ్వతమైనవి కావనీ, బిడ్డ సంక్షేమం కోసం మార్చవచ్చుననీ సుప్రీంకోర్టు 1973లో రోసీ జేకబ్ కేసులోనే స్పష్టం చేసింది. వకీలు ఖర్చు భారమైతే, 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100కు ఫోను చేయండి.

*

ప్రశ్న: ఉద్యోగం పోయిన తరువాత కొన్ని నెలలు నాకు మద్యం అలవాటైంది. ఈ సంగతి కౌన్సిలింగ్ గదిలో, ఇది బయటికి పోదన్న నమ్మకంతో చెప్పాను. ఇప్పుడు అది నివేదికలో వచ్చింది. ఇది గోప్యతను ఉల్లంఘించడం కాదా? పైగా నివేదిక నకలు కూడా నా చేతికి ఇవ్వలేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు చేయమని స్నేహితులు అంటున్నారు. (ఒక తండ్రి, ఉత్తర తెలంగాణ)

జవాబు: మీ బాధ అర్థమవుతోంది గానీ, ఈ విషయంలో చట్టం మీ వైపు లేదు. రాజీ కోసం జరిగే మధ్యవర్తిత్వంలో చెప్పిన మాటలు గోప్యమైనవి, రాజీ కుదరకపోతే మధ్యవర్తి ఆ సంగతి మాత్రమే కోర్టుకు చెప్పాలి. ఇది సాధారణ నియమం. అయితే పెర్రీ కన్సాగ్రా కేసులో 2019 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, పిల్లల కస్టడీ, సంరక్షణ వివాదాల్లో కౌన్సిలర్ నివేదికకు ఆ నియమం అదే రూపంలో వర్తించదని చెప్పింది. బిడ్డ మేలు నిర్ణయించవలసిన కోర్టు ముందు అందుకు అవసరమైన సామగ్రి అంతా ఉండాలన్నది ఆ తీర్పు వెనుక ఉన్న ఆలోచన. కౌన్సిలింగ్ గదిలోకి వెళ్లేముందే కక్షిదారులకు ఈ తేడా చెప్పవలసిన బాధ్యత మా వకీళ్లది. మేము దాన్ని తరచుగా మరచిపోతున్నామని ఒప్పుకోవడంలో నాకు సంకోచం లేదు.

నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు వేయకండి. కోర్టు రికార్డుల ధ్రువీకృత ప్రతులను కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో తేల్చింది. కాపీయింగ్ సెక్షన్‌లో దరఖాస్తు చేయండి. అక్కడ నిరాకరిస్తే నకలు ఇప్పించమని న్యాయమూర్తి ముందు మెమో దాఖలు చేయండి. మీకు వ్యతిరేకంగా వాడబోయే కాగితానికి జవాబు చెప్పుకునే అవకాశం మీకు ఇవ్వాలన్నది సహజ న్యాయసూత్రం. బిడ్డ భయంతోనో నమ్మకంతోనో చెప్పిన మాటలున్న భాగాన్ని మాత్రం న్యాయమూర్తి తన వద్దే ఉంచుకోవచ్చు. అందుకు మీరు అభ్యంతరం చెప్పకపోవడమే మంచిది.

ఇక చెప్పిన సంగతి నిజమైనప్పుడు దాన్ని కాదనకండి. మానేసి ఎంత కాలమైందో, ఏ వైద్యుడి దగ్గర చికిత్స తీసుకున్నారో, ఇప్పుడు ఉద్యోగం ఎక్కడో చూపించండి. నివేదిక రాసిన నాటికి ఉన్న పరిస్థితికీ ఈనాటి పరిస్థితికీ ఉన్న దూరమే మీ వాదన కావాలి.

*

ప్రశ్న: మా అమ్మాయి చనిపోయింది. అల్లుడు మనవడిని పట్టించుకోకపోతే పిల్లల సంక్షేమ కమిటీ బాబును హోమ్‌లో చేర్చింది. తాతయ్య, అమ్మమ్మ వృద్ధులు కాబట్టి అప్పగించలేమని సామాజిక విచారణ నివేదికలో రాశారట. ఆ నివేదిక రహస్యమని మాకు చూపడం లేదు. (రిటైర్డు ఉపాధ్యాయుడు, రాయలసీమ)

జవాబు: మాస్టారూ, మీ విషయం ఫ్యామిలీ కోర్టు పరిధిలోనిది కాదు. ఇది 2015 నాటి బాలల న్యాయ చట్టం కిందకు వస్తుంది. ఆ చట్టంలోని 99వ సెక్షను ఇలాంటి నివేదికలు గోప్యమని చెబుతుంది. అయితే అదే సెక్షను, కమిటీ తగునని భావిస్తే నివేదికలోని సారాంశాన్ని బిడ్డకు, తల్లిదండ్రులకు లేదా సంరక్షకులకు తెలిపి, దానికి సంబంధించిన సాక్ష్యం చూపుకునే అవకాశం ఇవ్వవచ్చని కూడా చెబుతుంది. మీరు ‘నివేదిక ఇవ్వండి’ అని కాకుండా ‘99వ సెక్షను ప్రకారం సారాంశం తెలిపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వండి’ అని లిఖితపూర్వకంగా కోరండి. మీ ఇద్దరి ఆరోగ్య ధ్రువపత్రాలు, పెన్షను కాగితం, మీ తరువాత బాబు బాధ్యత తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న బంధువు అఫిడవిట్ జతచేయండి. కమిటీ ఉత్తర్వుపై అప్పీలు 30 రోజుల్లోగా బాలల న్యాయస్థానంలో వేయాలి. కమిటీ పనితీరుపై ఫిర్యాదు అయితే అది కలెక్టరు గారికి. రెంటినీ ఒకే కాగితంలో రాసి కలెక్టరేట్‌లో ఇచ్చి వస్తే, అప్పీలు గడువు మీకు తెలియకుండానే దాటిపోతుంది.

*

ప్రశ్న: నేను ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యా నేనూ విడిపోయాము. మా ఏడేళ్ల బాబు ఎవరి దగ్గర ఉండాలన్న కేసులో సోషల్ వర్కర్ సెక్షన్ 7 నివేదిక ఇచ్చారు. నా దగ్గర ఉన్నప్పుడు మా అమ్మ బాబుకు అన్నం కలిపి తినిపిస్తోందనీ, పక్కనే పడుకోబెట్టుకుంటోందనీ, అది వయసుకు తగిన స్వతంత్రతను అడ్డుకుంటోందనీ అందులో ఉంది. ఫిర్యాదు చేస్తే, నివేదికలోని విషయం కోర్టులో తేల్చుకోమని జవాబు వచ్చింది. తుది విచారణ మూడు వారాల్లో ఉంది. నివేదికను ఇక్కడి తెలుగువారి వాట్సాప్ గ్రూపులో పెట్టి సంతకాలు సేకరించమని మిత్రులు చెబుతున్నారు.

జవాబు: ముందుగా, ఆ నివేదికను ఏ గ్రూపులోనూ పెట్టకండి. పిల్లల కేసుల్లో మూసిన తలుపుల వెనుక జరిగే విచారణ వివరాలను ప్రచురించడం, అక్కడి 1960 నాటి న్యాయ పరిపాలన చట్టంలోని 12వ సెక్షను ప్రకారం, కోర్టు ధిక్కారం కాగలదు. నూరు సంతకాలు మీ కేసుకు తేలేని బలాన్ని ఆ ఒక్క పోస్టు మీ భార్య పక్షానికి తెచ్చిపెడుతుంది.

మీకు వచ్చిన జవాబు తప్పించుకునే జవాబు కాదు, అక్కడి పద్ధతే అది. 1989 నాటి చిల్డ్రన్ యాక్ట్‌లోని 7వ సెక్షను కింద నివేదికను కాఫ్‌కాస్ (పిల్లల కేసుల్లో కోర్టుకు సలహా ఇచ్చే సంస్థ) అధికారి గానీ స్థానిక కౌన్సిల్ సోషల్ వర్కర్ గానీ ఇస్తారు. ఆ అధికారి ఇచ్చిన సలహాపై కక్షిదారు ప్రశ్నలు వేయవచ్చని కుటుంబ విచారణ నియమావళి 16వ భాగం చెబుతోంది. అందుకు అధికారి విచారణకు హాజరు కావాలి కనుక, హాజరయ్యేలా ఆదేశించమని ఇప్పుడే కోర్టుకు దరఖాస్తు పెట్టండి. ఆ రోజు ఉదయం అడిగితే ఆలస్యమవుతుంది. నివేదిక సిఫారసును న్యాయమూర్తి తప్పక పాటించాలన్న నియమం లేదు, పాటించనప్పుడు కారణాలు చెప్పాలి. ఆ కారణాలను అందించడమే మీ పని.

అన్నం కలిపి ముద్దలు పెట్టడం గురించి ఆవేశపడి ‘మా సంస్కృతిని అవమానించారు’ అని వాదించాలని మీకు అనిపించడం సహజం. ఆ దారి వద్దంటాను. అదే చట్టంలోని 1వ సెక్షనులో కోర్టు చూడవలసిన అంశాల జాబితా ఉంది. బిడ్డ వయసు, నేపథ్యం, ప్రత్యేక లక్షణాలు అందులో భాగం. మీ జవాబు ఆ మాట మీద నిలవాలి. బాబు బడిలో భోజనం తనంతట తానే తింటాడని టీచరు రాసి ఇస్తే, ఇంట్లో నానమ్మ తినిపించేది ముద్దు కోసమే గానీ చేతకాక కాదని తేలిపోతుంది. నానమ్మ, తాతయ్యల పక్కన పడుకోవడం మన ఇళ్లలో ఎంత మామూలో రెండు వాక్యాల్లో చెప్పి, బాబుకు తన మంచం, తన గది ఉన్నాయని ఫోటోతో చూపండి. ఇక మీ పక్షాన మరో మాట: అధికారి మీ అమ్మగారితో మాట్లాడినప్పుడు దుబాసీ ఉన్నారా? లేకపోతే, ఆమె చెప్పిందంటూ రాసిన ప్రతి వాక్యం మీదా ఈ ప్రశ్న వేయండి.

గృహహింసకు రుజువు ఉన్న కొన్ని సందర్భాల్లో తప్ప, 2013 ఏప్రిల్ నుంచి ఇలాంటి కేసులకు అక్కడ ప్రభుత్వ న్యాయ సహాయం దాదాపుగా లేదు. సొలిసిటరును (అక్కడి వకీలును) పెట్టుకోలేకపోతే, పక్కన కూర్చుని నోట్సు రాసి సలహా ఇచ్చే ‘మెకెంజీ ఫ్రెండ్’ను అనుమతించమని కోర్టును కోరవచ్చు. ఉత్తర్వుపై అప్పీలుకు సాధారణంగా 21 రోజుల గడువు, దానికి అనుమతీ కావాలి.

ప్రవర్తనపై ఫిర్యాదు కొనసాగించాలనుకుంటే, కాఫ్‌కాస్ అయితే వారి ఫిర్యాదు విధానం ముగిశాక మీ ఎంపీ ద్వారా పార్లమెంటరీ అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారికి), కౌన్సిల్ ఉద్యోగి అయితే స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. వృత్తికే తగరన్నంత తీవ్రమైన తప్పు అయితే 2019 డిసెంబరు నుంచి సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే నియంత్రణ సంస్థ ఉంది. వీటిలో ఏదీ కస్టడీ ఉత్తర్వును మార్చలేదు.

*

ప్రశ్న: నేను ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్‌లో పీజీ) పూర్తిచేసి, కుటుంబ వివాదాల్లో కోర్టుకు నివేదికలు రాసే పనిలో కొత్తగా చేరాను. మొదటి నివేదికకే ఫిర్యాదు వచ్చింది. ఇకపై ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: కస్టడీ కేసులో ఓడినవారికి కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమూర్తి మీద చూపలేక మీ మీద చూపుతారు. అది మీరు తప్పించలేరు. తప్పించగలిగేది, ఆ కోపానికి మీ నివేదికలో ఆధారం దొరకడం. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ ఇంటికి వెళ్లారో, ఆ సమయంలో గదిలో ఎవరెవరు ఉన్నారో రాయండి. వెళ్లలేకపోయిన ఇల్లు ఉంటే ఎందుకు వెళ్లలేకపోయారో కూడా రాయండి. ఆ ఒక్క వాక్యం ఉంటే ఈ శీర్షికలోని మొదటి ఉత్తరం వచ్చేదే కాదు. బిడ్డ మాటలను ఆ బిడ్డ యాసలోనే, తెలుగు లిపిలోనే రాసి, దాని కింద ఇంగ్లీషు ఇవ్వండి. మీ చేతిరాత నోట్సును కేసు, అప్పీలు ముగిసేవరకు పారేయకండి. అమ్మనాన్నలలో ఒకరు టీ ఇచ్చి, ఇంకొకరు ఇవ్వలేదనుకోండి, ఆ రోజు ఇద్దరి ఇంట్లోనూ మంచినీళ్లతో సరిపెట్టుకోండి.